గోదావరిని కట్టిన సున్నము
(సర్ ఆర్థర్ కాటన్ జీవితము)

గోదావరి డెల్టాలో ఏ గ్రామమునకు పోయినను కాటన్ దొర పేరు ఎరుగని రైతు కానరాడు. కాలువ గట్ల మీదను, ఊరి కూడళ్లలోను ఆయన విగ్రహములు గలవు. గోదావరీ స్నానసంకల్పమున ఆయన పేరు స్మరించు పురోహితులును గలరు. పరదేశమునుండి కంపెనీ కొలువునకు వచ్చిన ఒక సైనికోద్యోగికి ఇట్టి గౌరవము దక్కుటకు కారణము ధవళేశ్వరపు ఆనకట్ట. ఆ కట్ట నీటిని నిలిపినదని అందరును ఎరుగుదురు. ఆ కట్టను నిలిపినదేమియో ఎరిగినవారు తక్కువ. లోతు అంతుచిక్కని ఇసుకలో, ఏటేటా పొంగిపొరలు మహానదికి అడ్డముగా, రాతిని రాతితో అతికి నిలుపుట ఎట్లు? ఎక్కడ అతుకవలెను? ఎక్కడ అతుకనక్కరలేదు? ఏ పదార్థముతో అతుకవలెను? కాటన్ జీవితమున మంచి భాగము ఈ ప్రశ్నలతోడనే గడచినది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. ఆయనకు పదునొకండుగురు కుమారులు. వారిలో ఆర్థర్ పదవవాడు. అంతటి పెద్ద కుటుంబమున చిన్నవారికి ఆస్తిపై ఆశ తక్కువ, ఉద్యోగమే దిక్కు. పదునైదవ యేట ఆర్థర్ ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కూంబు సైనిక విద్యాలయమున చేరెను. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు ఎన్నికయ్యెను. వేల్సు ప్రాంతమున కొంతకాలము భూమికొలత పనిలో శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరెను. అప్పటికాయన వయస్సు పదునెనిమిదేండ్లు. నాటినుండి దక్షిణదేశపు చెరువులు, కలుజులు, తూములు ఆయనకు రెండవ పాఠశాల యయ్యెను. నడుమ మొదటి బర్మా యుద్ధమునకు పోయి వచ్చెను. కాని ఆయన మనస్సు యుద్ధము మీద లేదు; నీటి మీద నుండెను.

తిరిగివచ్చిన పిమ్మట కావేరీ నదీజలముల పని ఆయనకు అప్పగింపబడెను. ఆ కాలమున తంజావూరు సీమకు ఒక పెద్ద చిక్కు వచ్చియుండెను. తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండు పాయలుగ చీలును. ఉత్తరపు పాయయగు కొల్లడము పల్లముగ నున్నందున నీరంతయు అటు మళ్లజొచ్చెను. దక్షిణపు పాయ మేటవేసి పూడిపోవుచుండెను. నీరందని పొలములు బీడు పడుచుండెను. కొల్లడమునకు అడ్డుకట్ట కట్టక తప్పదు. కాని నదిలో ఎంత త్రవ్వినను ఇసుకయే. రాతి అడుగు తగులదు. అట్టిచోట పునాది ఎట్లు నిలుచును?

సమాధానము అక్కడికి దగ్గరలోనే యుండెను. చోళరాజగు కరికాలుడు కట్టించెనని ప్రసిద్ధి గన్న కల్లణై, అనగా రాతికట్ట, ఎన్నో శతాబ్దములుగా ఆ ఇసుకలోనే నిలిచియున్నది. కాటన్ ఆ కట్టను శ్రద్ధగ పరిశీలించెను. దాని గర్భమున మోటు రాళ్లను మట్టితో పేర్చిరి. పైభాగమునకు మాత్రమే సున్నముతో అతికిన రాతి కప్పు వేసిరి. ఇసుకలో పడిన రాళ్లు కొంతదూరము దిగి, దిగి, తుదకు కదలక నిలుచును. అంతట అవే పునాది యగును. నీటి ఒరపిడి తగులు పైపొరకు మాత్రము గట్టి అతుకు కావలెను. ఇదియే పూర్వుల నేర్పు. లోతు తెలియని ఇసుకలో పునాది వేయు విద్యను ఈ దేశపు ప్రాచీనుల వద్దనే నేర్చితినని కాటన్ తరువాతి కాలమున దాపరికము లేక అంగీకరించెను. గురువు పేరు చెప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు.

ఈ పాఠము ఊతగా 1836వ సంవత్సరము మొదలుకొని కొల్లడముపై ఎగువ ఆనకట్టయు, దిగువ ఆనకట్టయు వెలసినవి. తంజావూరు పొలములకు మరల నీరు పారెను. ఆ దినములలోనే మద్రాసు సమీపమున ఎర్రకొండల నుండి రోడ్డు పనికి రాయి తెచ్చుటకు ఆయన ఇనుపకమ్మీల దారి వేయించెను. 1837లో నడచిన ఆ దారి భారతదేశపు తొలి రైలుదారులలో ఒకటి. ఇంతలో ఆరోగ్యము చెడుటచే ఆయన సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతములకు పోయెను. అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మంతును వివాహమాడెను. వారి కుమార్తె యొకతె తరువాత లేడీ హోప్ అను పేర తండ్రి జీవితచరిత్రము రచించెను.

కాటన్ తిరిగివచ్చునప్పటికి గోదావరి సీమ దుఃస్థితిలో నుండెను. నది నిండ నీరు. నేల మీద కరవు. వానలు లేని యేడు పైరెండును. వరద వచ్చిన యేడు పైరు మునుగును. 1832–33లో వచ్చిన గొప్ప కరవు కృష్ణా గోదావరీ మండలములను కాల్చివేసెను. 1839 నవంబరులో కోరంగి వద్ద ఉప్పెన తీరమును ముంచివేసెను. రాజమహేంద్రవర మండలమున 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న జనసంఖ్య 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగజారెను. మరణించినవారు కొందరు, వలసపోయినవారు కొందరు. ప్రజలతోపాటు కంపెనీ శిస్తును తగ్గెను. ఆ శిస్తు తగ్గుటయే పాలకులకు కన్ను తెరిపించెనని చెప్పుట అన్యాయము కాదు. 1844లో సర్ హెన్రీ మాంట్గొమరీ మండల స్థితిని విచారించి నివేదిక సమర్పించెను. ఇంచుమించు అప్పుడే కాటన్ నదిని పరీక్షించి, ఆనకట్ట కట్టిన తంజావూరు సంపద గోదావరికిని రాగలదని వాదించెను. 1846 తుదిని లండనులోని కంపెనీ డైరెక్టర్లు అనుమతి నిచ్చిరి. ఆనకట్టకు మొదట వేసిన అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. అంత పెద్ద నదికి అంత చిన్న మొత్తమును చూచి నమ్మలేనివారు నమ్మలేదు.

ఆ స్వల్పవ్యయమునకు మూలము స్థలనిర్ణయమునను, నిర్మాణరీతియందును గలదు. రాజమహేంద్రవరమునకు దిగువన ధవళేశ్వరము వద్ద గోదావరి మిక్కిలి విశాలముగ పరచుకొనును. ఇరుకైన చోట కట్ట పొట్టిదగును గాని ప్రవాహవేగము ప్రాణాంతకము. వెడల్పైన చోట నీరు పలుచబడును. నడుమ లంకలుండుటచే పని నాలుగు ముక్కలుగ చేసికొనవచ్చును. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు శాఖలు అట్లేర్పడినవి. అన్నియు కలిపి రాతికట్ట పొడవు సుమారు రెండుంబావు మైళ్లు. ఎత్తు నదీగర్భము నుండి మొదట 12 అడుగులు. రాయి కొరకు దూరము పోనక్కరలేదు. ధవళేశ్వరపు కొండ ఒడ్డుననే యున్నది. కొండ నుండి నదికి ఇనుపకమ్మీల దారి వేసి బండ్లపై రాయి దింపిరి.

1847లో పని మొదలయ్యెను. తొలి దినములలోనే సుమారు 10,000 మంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మరులు పనిలో నుండిరి. ఇంతమందిని పోగుచేయుట, తిండి చూచుట, కూలి ముట్టజెప్పుట చిన్న పని కాదు. ఈ భారము మోసినవారిలో వీణెం వీరన్న ముఖ్యుడు. జనుల మాట దొరకును, దొర మాట జనులకును తెలియజెప్పి, పని ఆగకుండ నడిపిన నేర్పరి యాయన. ఆయన సేవకు మెచ్చి ప్రభుత్వము రాయబహదూరు బిరుద మిచ్చెను. రాళ్లు కొట్టినవారి పేర్లు, సున్నము మోసిన స్త్రీల పేర్లు చరిత్రకు దక్కలేదు. ఆనకట్టయే వారి శాసనము.

ఇక అతుకు సంగతి. నేడు ఏ చిన్న కట్టడమునకైనను సిమెంటు బస్తా తెచ్చుదుము. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్లండు సిమెంటుకు 1824లోనే హక్కు పొందినను, ధవళేశ్వరపు కట్ట దానితో కట్టినది కాదు. కాటన్ చేతిలో నున్నది సున్నమే. అయితే సున్నములన్నియు ఒకటి కావు. ఏ పనికి ఏ సున్నమన్నది తెలియని తాపీ పనివాడు గోడ కట్టవచ్చును గాని ఆనకట్ట కట్టలేడు.

సున్నపురాయిని గాని, గుల్లలను గాని బట్టీలో బాగుగ కాల్చినచో అందులోని బొగ్గుపులుసు వాయువు వెడలిపోయి, కాలిన సున్నము మిగులును. నీరు చల్లినచో అది బుసబుస పొంగి, వేడియెక్కి, విచ్చి, తెల్లని పొడి యగును. దానిని ఇసుకతో కలిపి పూసినచో గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగ పీల్చుకొని మరల రాయిగ మారును. ఇంటిగోడకు ఇది చాలును. కాని నీటిలో మునిగిన చోటికి గాలి పోదు. అట్టిచోట స్వచ్ఛమైన సున్నము ఏండ్లు గడచినను మెత్తగనే యుండి, ప్రవాహమునకు కొట్టుకొనిపోవును. చూపునకు తెల్లనిదే మేలైనదని తలచువాడు ఇక్కడనే మోసపోవును. కొంత మట్టి కలిసిన సున్నపురాయిని కాల్చిన వచ్చు సున్నము రంగున మురికిగ నున్నను నీటి అడుగున గట్టిపడును. కాల్చిన ఇటుకలను దంచిన పొడి, అనగా సుర్కీ, కలిపినను ఆ గుణము చాలవరకు వచ్చును.

ఈ రహస్యము రోమనులకు అనుభవమున తెలియును. వారు అగ్నిపర్వతపు బూడిదను సున్నమున కలిపిరి. ఇంగ్లండులో జాన్ స్మీటన్ సముద్రమధ్యమున ఎడిస్టన్ దీపస్తంభము కట్టుచు, మట్టి కలిసిన సున్నపురాయియే నీటిపనికి తగినదని కనుగొనెను. ఫ్రెంచి ఇంజనీరగు వికా 1818లో ఈ విషయమును శాస్త్రీయముగ నిరూపించెను. ఆయన గ్రంథమును ఆంగ్లమునకు అనువదించినవాడు కాటన్ దళమువాడే; మద్రాసు ఇంజనీరు కెప్టెన్ జె. టి. స్మిత్. ఆ అనువాదము 1837లో లండనున అచ్చుపడెను. ఇట్లు ఐరోపా శాస్త్రము ఒకవైపునుండి, ఈ దేశపు తాపీ పనివారి పరంపర మరియొకవైపునుండి వచ్చి మద్రాసు ఇంజనీర్ల పనిలో కలిసికొన్నవి. బెల్లపు నీళ్లు, కరక్కాయ కషాయము కలిపి సున్నమును బలపరచుట మన పనివారికి తాతలనాటి విద్య. మద్రాసు గచ్చు పాలరాయివలె మెరయునని పరదేశీయులే చెప్పుకొనెడివారు.

సున్నము ఎంచుకొనుట ఒక యెత్తు. వాడుట మరియొక యెత్తు. గుండ్రని కాలువలో సున్నము, ఇసుక, సుర్కీ వేసి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రముతో గానుగ పట్టవలెను. గ్రామములలో దానినే డంగుసున్న మందురు. నలిగినకొలది జిగి వచ్చును. నలుగని పలుకు తరువాత గోడలో విచ్చి అతుకును పగులగొట్టును. నీటిలో గట్టిపడు సున్నమును గానుగ నుండి తీసిన వెంటనే వాడవలెను. బిగిసిన దానిని మరల నీరుపోసి మెత్తచేసిన పట్టు రాదు. రాతికి దుమ్ముగాని, బురదగాని అంటియుండరాదు. అంటియున్నచో సున్నము దుమ్మును పట్టుకొనును గాని రాతిని పట్టుకొనదు. ఇటుకను ముందుగ తడుపవలెను. లేనిచో పొడి ఇటుక సున్నములోని తడి పీల్చివేసి దానిని బూడిద చేయును. అతుకు పలుచగ నుండవలెను. రాతికన్న సున్నము బలహీనము. దాని మందము పెరిగినకొలది కట్టడపు బలము తరుగును. రాళ్లు ఒకదానితో నొకటి చక్కగ పొందునట్లు చెక్కి కూర్చిన పిమ్మటనే సున్నము పని. చెక్కుడులోని లోపమును సున్నము ముద్దలతో కప్పజూచువాడు మంచి పనివాడు కాడు. తుదకు, అతికిన దానిని కదలనీయక, తడి ఆరనీయక, గట్టిపడునంతవరకు వేచియుండవలెను.

ధవళేశ్వరమున ఈ వేచియుండుటయే కష్టమైనది. గోదావరి ఇంజనీరు కొరకు వేచియుండదు. జూను దాటిన పిదప వరద వచ్చును. నదిలో పని నడచునది నీరు తగ్గిన కొలది నెలలు మాత్రమే. ఆ నెలలలో కట్టినంత భాగము రాబోవు వరదకు తట్టుకొనవలెను. నెమ్మదిగ బిగియు సున్నముతో, తొందరగ వచ్చు నదికి ఎదురు నిలుచుట ఎట్లు?

కాటన్ ఎంచుకొన్న మార్గము కల్లణై చూపినదే. నదీగర్భపు ఇసుకలో గుండ్రని బావులను దింపి, వాటిని నింపి, వాటిపై గోడలు లేపించెను. గోడల నడుమ ఇసుకను, రాళ్లను నింపించెను. వాటిపై సున్నముతో అతికిన రాతిపరుపు వేయించెను. కట్టమీదుగ దుమికిన నీరు అడుగును త్రవ్వకుండ, దిగువన పెద్ద పెద్ద రాళ్లను అతుకు లేకయే గుట్టగ పోయించెను. కట్టనంతను సున్నముతో అతికియుండినచో ఖర్చు కొండంత యగును, కాలము చాలదు, పైగా అడుగున ఇసుక కొంచెము కదలినను బిగిసిన కట్టడము పగులును. వదులు రాయి అట్లు కాదు. ఇసుక జారినచోట తానును జారి, ఆ గుంటను నింపి, మరల నిలుచును. కావున ఒరపిడి తగులుచోట అతుకు, ఒదుగుట అవసరమైనచోట వదులు. ఈ వివేకమే నాలుగు లక్షల అంచనాను సాధ్యమని చూపినది.

పని నడుచుండగనే ఎండలకును, శ్రమకును కాటన్ ఆరోగ్యము మరల చెడెను. 1848లో ఆయన ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. కెప్టెన్ ఆర్ పని నడిపించెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. ఖర్చు తొలి అంచనాను మించినదన్నది నిజము. కట్టిన తరువాత ఏటేటా దిగువకు రాళ్లు చేర్చుట, అతుకులు బాగుచేయుట తప్పలేదన్నదియు నిజము. అయినను కట్ట నిలిచెను.

అదే కాలమున లెఫ్టినెంటు హెయిగ్ గన్నవరము వద్ద వైనతేయ గోదావరిపై కాలువను దాటించు వంతెనను కట్టెను. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు గల 49 కమానులతో, ఒక్క పనికాలములోనే అది లేచెను. దానిమీదుగ పారిన నీరు నగరము దీవిని పండించెను. కమానులో ప్రతి రాయియు పక్క రాతిపై ఆధారపడును. అక్కడ అతుకు తప్పిన కట్టడమే లేదు. ఒక శతాబ్దమునకు పైగా సేవచేసిన ఆ వంతెన పక్కననే తరువాత క్రొత్తది వెలసెను. దానికి అన్నదానమున ప్రసిద్ధి గన్న డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. నీటికిని అన్నమునకును గల బంధుత్వమునకు ఇంతకన్న తగిన గురుతు లేదు.

ధవళేశ్వరపు విజయము కృష్ణకును దారిచూపెను. బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసెను. నడిపినవాడు కెప్టెన్ ఆరే. కాటన్ మద్రాసు ప్రభుత్వపు చీఫ్ ఇంజనీరు పదవి నలంకరించెను. 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. కొలువు విడచి స్వదేశము చేరిన పిమ్మటను ఆయన ఊరకుండలేదు. రైలుదారులపై కుమ్మరించు ధనములో కొంత కాలువలపై పెట్టినచో కరవులును తగ్గును, చౌకగ రవాణాయు సాగునని ఏండ్ల తరబడి వాదించెను. దేశపు నదులను కాలువలతో కలుపవలెనని కలగనెను. ఆ పట్టుదల పలువురకు కంటగింపయ్యెను. 1878లో పార్లమెంటువారి విచారణసంఘము ఆయనను కఠినముగ ప్రశ్నించెను. ఆయన తన మాటనుండి జరుగలేదు. వార్ధక్యమున డార్కింగు పట్టణమున లోతుదుక్కితో గోధుమ పండించు ప్రయోగములు చేయుచు కాలము గడపెను. 1899 జూలై 24వ తేదీన, 96 ఏండ్లు నిండిన పిమ్మట, అక్కడనే కన్నుమూసెను.

ఆయన ఆనకట్ట నూరేండ్లకు మించి డెల్టాను పోషించెను. వృద్ధమైన ఆ కట్టకు బదులుగ 1970లో క్రొత్త బరాజు పని ప్రారంభమై 1982 నాటికి పూర్తియయ్యెను. అది కాంక్రీటుతోను, 175 ఉక్కు తలుపులతోను నిర్మితమైనది. దానికి కాటన్ పేరే పెట్టిరి. అదియు పాత నాలుగు శాఖలనే అనుసరించినది. సుమారు 10 లక్షల ఎకరములకు నీరిచ్చుచున్నది. ధవళేశ్వరమునందలి కాటన్ మ్యూజియమున ఆనకట్ట నమూనాలు గలవు. విద్యార్థులు వాటిని చూచినచో కట్ట పైరూపమే గాక దాని పొరల అమరికయు తెలియును.

సామగ్రి మారినది, సున్నము పోయి సిమెంటు వచ్చినది. అతుకు ధర్మము మారలేదు. అతుకబోవు వస్తువు స్వభావమును ముందు తెలియవలెను. తగిన పదార్థమును ఎంచవలెను. శుభ్రపరచి, పలుచగ పూసి, ఓపికతో వేచియుండవలెను. అతుకు అక్కరలేనిచోట అతుకకుండుటయు నేర్వవలెను. బడిలో అట్టముక్కలతో బొమ్మ చేయు బాలునకును, మహానదిని కట్టిన కాటన్‌కును ఈ ధర్మ మొక్కటే. మంచి అతుకు కంటికి కనబడదు. దాని ఫలితమే కనబడును. ధవళేశ్వరమున ఆ ఫలితము ఏటేటా పచ్చని వరిచేలుగ కోనసీమ వరకు పరచుకొనుచున్నది.